డెబ్బై ఏళ్ల విచారణ

మామూలు జనానికి విచారణ అంటే గుండె దడ. శౌరివారిపాలెం వాళ్లకు మాత్రం విచారణ అంటే ఆదివారం, ఉతికిన బట్టలు, గంట మోత. కతోలికుల మాటల్లో ఒక గుడినీ, దాని కిందికొచ్చే ఊళ్లనూ, జనాన్నీ కలిపి విచారణ అంటారు. దాన్ని నడిపే ఫాదర్ గారు విచారణ గురువు. జనం విచారణ ప్రజలు. పెద్దలు నలుగురు కూర్చుని పోట్లాడుకుంటే విచారణ సంఘం. ఈ మాట ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆ ఊళ్లో ఎవరూ విచారించలేదు.

ఆ గుడికి ఉపదేశి రాయప్ప. అంటే గంట కొట్టేది, పిల్లలకు జపాలు నేర్పేది, ఫాదర్ గారు ఊళ్లో లేనప్పుడు ప్రార్థన నడిపించేది అతనే. రాయప్పకు రెండు గర్వాలున్నాయి. ఒకటి తన గొంతు. రెండోది అర్జీలు రాసే గ్రాంథికం. మొదటిది అతని భార్య లూర్దమ్మ ఒప్పుకోదు, ఎందుకంటే గుళ్లో పాట ఎత్తుకునేది ఆవిడ. రెండోదానికి మాత్రం ఊళ్లో తిరుగులేదు.

మహమ్మారి వచ్చి గుడికి తాళం పడింది. ఫాదర్ జ్వాకీము గారు ఒంటరిగా పూజ చేస్తూ దాన్ని ఫోన్లో చూపించేవారు. లూర్దమ్మ ఫోన్ని ఆవకాయ జాడీకి ఆనించి, నెత్తిన ముసుగేసుకుని, మోకాళ్ల మీద నిలబడి వినేది. ఒక ఆదివారం ఫాదర్ గారు చేతులు పైకెత్తగానే నెట్టు ఆగిపోయింది. ఆయన చేతులు దించేదాకా తను లేవకూడదని లూర్దమ్మ అట్టాగే ఉండిపోయింది. చివరికి ఛార్జింగ్ అయిపోయి ఫోనే ఆవిణ్ని కరుణించింది.

అంతవరకు ఓర్చుకున్నారు. అసలు చిక్కు కన్నిక పెళ్లి. కన్నిక రాయప్ప ఒక్కగానొక్క కూతురు. పక్క ఊరి మరియదాసుతో సంబంధం కుదిరింది. పిల్లవాడు సైన్యంలో జవాను, నెమ్మదస్తుడు, కన్నిక అంటే ప్రాణం. గుళ్లో పెళ్లి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు మూడు కేకలు పడాలి. ఫలానావాళ్లకు పెళ్లి, అభ్యంతరముంటే చెప్పండని ఫాదర్ గారు జనం ముందు చాటడాన్నే కేక అంటారు. రెండు కేకలు పడ్డాయి. మూడోది పడేలోగా తాళం పడింది. అప్పుడు రద్దైన సెలవు మరియదాసుకు ఇన్నాళ్లకు మళ్లీ దొరికింది. అదీ వచ్చే సోమవారంతో సరి. ఈసారి వెళితే మళ్లీ ఎప్పుడొస్తాడో వాళ్ల పెద్ద అధికారికే తెలియదట.

"గుళ్లో కాని పెళ్లి నా దృష్టిలో పెళ్లే కాదు," అంది లూర్దమ్మ. "ఏమయ్యా, ఊరందరికీ అర్జీలు రాసి పెడతావు గదా. సొంత కూతురికి ఒకటి రాయలేవా?"

మాట రాయప్పకు గట్టిగానే తగిలింది. అప్పటికే ప్రభుత్వం అనుమతి తీసుకుని గుళ్లు తెరుచుకోవచ్చని ప్రకటించింది. ఆ అనుమతులిచ్చేందుకు పట్నంలో ఆరాధనా స్థలాల పునఃప్రారంభ పర్యవేక్షక కార్యాలయం అని కొత్తగా ఒకటి వెలిసింది. రాయప్ప తెల్లకాగితం తీసి తన గ్రాంథికాన్నంతా అందులో గుమ్మరించాడు. మహమ్మారి వలన స్తంభించిన మా విచారణను పునఃప్రారంభించుకొనుటకు, విచారణ గురువుల ఆధ్వర్యమున విచారణ ప్రజలెల్లరు తగుదూరము పాటించుచు గుడిలో పూజయందు పాల్గొనుటకు, అని మొదలుపెట్టి పేజీ నింపాడు. విచారణ అన్న మాట వచ్చిన చోటల్లా లావుగా దిద్ది, కింద గీత గీశాడు.

కార్యాలయం గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు ఆ చివర, చాలా దూరంలో, పర్యవేక్షణాధికారి అనంతపద్మనాభం గారు కూర్చున్నారు. మూతికి మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, మొత్తం మీద అద్దం. అటెండరు కర్రకు కట్టిన తట్ట చాపి రాయప్ప అర్జీ అందుకున్నాడు. అందుకున్నవాడు ఊరుకోకుండా, నిబంధన ప్రకారం దాని మీద క్రిమిసంహారక ద్రవం బుస్సుబుస్సున కొట్టాడు. గుడి కరిగింది. పూజ కరిగింది. పూజయందు అన్న మాటలోని గ్రాంథికం కూడా కరిగిపోయింది. లావుగా దిద్దిన మాటలు, ఊరి పేరు మాత్రం మిగిలాయి.

అధికారి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "విచారణ... విచారణ... విచారణ. ఇది విచారణకు సంబంధించిన వ్యవహారమని గమనించడమైనది. అవునా?"

"అవును సార్. ఆగిపోయింది. గుళ్లోనే మళ్లీ మొదలుపెట్టుకుందామని."

"ఎంతకాలంగా నడుస్తున్నది?"

"డెబ్బై ఏళ్లుగా సార్," అన్నాడు రాయప్ప ఛాతీ విరుచుకుని.

అధికారి కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "డెబ్బై ఏళ్లా! ముగించలేదా?"

"మా విచారణకు ముగింపేంది సార్? మా తర్వాత మా పిల్లలు, వాళ్ల తర్వాత వాళ్ల పిల్లలు."

"ఎవరెవరి మీద?"

రెండు మాస్కులూ ఒక అద్దమూ దాటి వచ్చిన ఆ మాట రాయప్పకు సగమే వినపడింది. "ఎవరెవరేంది సార్, ఊరంతా విచారణలోనే ఉన్నాం. ముసలోళ్ల దగ్గర్నించి నిన్న పుట్టిన పసిగుడ్డు దాకా."

"నిన్న పుట్టిన శిశువు చేసిన నేరమేమిటయ్యా?"

ఈ ప్రశ్న రాయప్పకు స్పష్టంగా వినపడింది. పైగా దీనికి జవాబు అతను పిల్లలకు ఏళ్ల తరబడి వల్లె వేయిస్తున్నదే. అధికారి గారికి మన మతం మీద ఇంత ఆసక్తి ఉందా అని మురిసిపోయాడు. "అది పుట్టుకతో వచ్చింది సార్. మా మూలపురుషుడు తోటలో పండు తిన్నాడు. ఆయనా, ఆయన భార్యా. ఆ ఒక్క చెట్టుది తినమాకండని ముందే చెప్పారు సార్. విన్లేదు."

"ఫలాల అపహరణ," అని అధికారి రాసుకున్నారు. "తోట యజమాని ఫిర్యాదు చేశాడా?"

"ఫిర్యాదెందుకు సార్, ఆయనే స్వయానా వచ్చి పట్టుకున్నాడు. ఇద్దర్నీ బయటికి పంపేశాడు."

"వారసులున్నారా?"

"మేమందరం వారసులమే సార్. ఆ మాటకొస్తే మీరూనూ."

"నన్ను ఇందులోకి లాగవద్దు," అన్నారు అనంతపద్మనాభం గారు కంగారుగా. "నేనిక్కడికి బదిలీ మీద వచ్చినవాణ్ని. విచారణాధికారి ఎవరు?"

"విచారణ గురువు ఫాదర్ జ్వాకీము గారు సార్. ఆయనకు ముందు చాలామంది మారారు. మొట్టమొదటాయన ఇటలీ నుంచి వచ్చారు."

"విదేశీ నిపుణులు కూడా!" అధికారి కలం ఆగిపోయింది. ఇంత పెద్ద వ్యవహారం తన బల్ల మీదికి రావడం ఆయన సర్వీసులో ఇదే మొదలు. "వెళ్లి రండి. తక్షణ చర్య తీసుకోబడును."

రాయప్ప సంతోషంగా ఇల్లు చేరాడు. తక్షణ చర్య నిజంగానే తక్షణం జరిగింది. శుక్రవారానికల్లా ఉత్తర్వులు వచ్చాయి. ఫాదర్ గారు తన ఇంటి వసారాలో కూర్చుని పైకి చదివారు. దూరదూరంగా కుర్చీలేసుకుని రాయప్ప, లూర్దమ్మ, కన్నిక, మరియదాసు విన్నారు.

"ఒకటి. శౌరివారిపాలెమునకు సంబంధించి డెబ్బై సంవత్సరములుగా అపరిష్కృతముగా ఉన్న విచారణ ముగియు వరకు ఆ గ్రామమున ఆరాధనకు అనుమతి నిరాకరించడమైనది."

లూర్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నిక నేల చూపులు చూసింది. మరియదాసు సరిహద్దులో ఎన్ని చూశాడో గానీ, ఆ పిల్ల ముఖం చూడలేక పక్కకు తిరిగాడు.

"రెండు," అని చదువుతున్న ఫాదర్ గారి గొంతు ఎందుకో వణికింది. "సదరు విచారణను వచ్చే ఆదివారము ఉదయము సంఘటనా స్థలమైన గుడిలోనే, విచారణాధికారి శ్రీ ఫాదర్ జ్వాకీము వారి అధ్యక్షతన తిరిగి ప్రారంభించవలెను. ఇది ప్రభుత్వ కార్యక్రమమగుటచే జనసంఖ్యపై పరిమితి వర్తించదు. సంబంధిత వ్యక్తులెల్లరు విధిగా హాజరు కావలెను. హాజరు కానివారిపై చర్య తీసుకొనబడును." ఇక ఆయన వల్ల కాలేదు. కళ్లజోడు తీసేసి, కడుపు పట్టుకుని నవ్వారు. "లూర్దమ్మా, ఇన్నేళ్లుగా ఆదివారం గుడికి రాని నీ తమ్ముణ్ని రప్పించడం నా వల్ల కాలేదు. ఇప్పుడు రాకపోతే చర్య!"

అందరికీ సంగతి బోధపడి నవ్వుకున్నారు. రాయప్ప ఒక్కడే నవ్వలేదు. అతను ఉపదేశి. అబద్ధమాడరాదన్న కట్టడ పిల్లలకు నేర్పేది అతనే. తన కూతురి పెళ్లి ఒక పొరపాటు చాటున జరగడం అతనికి మింగుడు పడలేదు. మొన్న పట్నంలో తనకు తెలియక జరిగింది. ఇప్పుడు తెలిసీ ఊరుకుంటే అది వేరే లెక్క. అప్పటికప్పుడే ఫోన్ తీసి కార్యాలయానికి చేశాడు.

"సార్, చిన్న పొరపాటు జరిగింది. మాలో విచారణ అంటే మీరనుకునే విచారణ కాదు సార్. గుడి సార్."

"మీరు మాట్లాడేది ఏ భాష?" అన్నారు అనంతపద్మనాభం గారు.

"తెలుగే సార్."

"తెలుగులో విచారణ అంటే విచారణే. నమోదైపోయింది. మార్చాలంటే ఎందుకు మార్చాలన్నదానిపై వేరుగా విచారణ జరపాలి. దానికి మీరే బాధ్యత వహించాలి."

"అది కాదు సార్, మాకు కావాల్సింది గుడి తెరవడం."

"గుడి తెరవరాదు. విచారణ గుడిలోనే జరపాలి."

"తెరవకుండా లోపల ఎట్టా జరపాలి సార్?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "విచారణ నిమిత్తం తెరవవచ్చు. ఆరాధన నిమిత్తం మూసి ఉంచవలెను. తలుపు ఒకటే అయినా నిమిత్తాలు రెండు. ఆదివారం నేనే స్వయంగా పరిశీలనకు వస్తున్నాను. వ్యవహారం సున్నితమైనది."

ఫోన్ పెట్టేసి రాయప్ప ఫాదర్ గారి వంక చూశాడు. నిజం చెప్పాడు. ప్రభుత్వం పుచ్చుకోలేదు. ఫాదర్ గారు భుజాలెగరేసి, "ఇంకేం చేస్తావు రాయప్పా? పోయి సున్నం కలుపు," అన్నారు.

శనివారం ఊరంతా గుడి దగ్గరే ఉంది. విచారణ నిబంధనలు చూస్తే ఆరాధన నిబంధనల కంటే గట్టిగా ఉన్నాయి. సాక్షులు ఒకరినొకరు తాకరాదు, చెవుల్లో గుసగుసలాడరాదు, ఒకరి తర్వాత ఒకరే ముందుకు రావాలి, కాగితం ముట్టే ముందు చేతులు కడగాలి. జబ్బుపడ్డవారికి గైర్హాజరు మన్నింపు. రోగం అంటకుండా పూజ జరగడానికి ఇంతకంటే ఏం కావాలని ఫాదర్ గారు ఆశ్చర్యపోయారు. కిటికీలన్నీ బార్లా తెరిచారు. నేలంతా సున్నంతో గుండ్రాలు గీశారు. కుటుంబానికొక పెద్ద గుండ్రం, ఒంటరివాళ్లకు చిన్నది. ఎడమొహం పెడమొహంగా ఉండే తోడికోడళ్లిద్దరు తమకు వేరే గుండ్రాలు కావాలన్నారు. ఇచ్చారు.

ఆదివారం రాయప్ప గంట తాడు పట్టుకుని లాగాడు. ఎన్నాళ్లకో మోగిన ఆ గంటకు చాలామంది గుమ్మాల్లోనే నిలబడి కళ్లొత్తుకున్నారు. రాయప్ప కూడా అంతే. అప్పుడే కారు దిగుతున్న అనంతపద్మనాభం గారు ఆగి విన్నారు.

"ఇది సాక్షులను పిలిచే పద్ధతా?"

"తాతలనాటి నుంచి ఇదే సార్."

"శ్రావ్యంగా ఉన్నది," అని ఆయన తన పుస్తకంలో రాసుకుని, ముందు వరసలో తనకోసం గీసిన గుండ్రంలో కుర్చీ వేయించుకున్నారు.

లూర్దమ్మ మాస్కులోంచే పాట ఎత్తుకుంది. జనం అందుకున్నారు. అధికారి కనుబొమలెత్తారు. రాయప్ప వంగి, దూరం నుంచే, "అందరూ చెప్పే మాట ఒకటే సార్. తేడా రాకుండా పాటగా కట్టారు," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ముక్తకంఠంతో వాంగ్మూలం అని ఆయన రాసుకున్నారు.

తర్వాత ఫాదర్ గారు అందరినీ తమ తప్పులు తలచుకోమన్నారు. గుడి గుడంతా లేచి, రొమ్ము మీద చెయ్యి కొట్టుకుంటూ, తప్పు నాదేనని, ముమ్మాటికీ నాదేనని ఒప్పుకుంది. అనంతపద్మనాభం గారి చేతిలో కలం జారింది. ఎన్నో విచారణలు చూసిన మనిషి. తప్పు పక్కవాడిదనీ, పక్కవాడు బదిలీ అయ్యాడనీ, అసలు తప్పే జరగలేదనీ విన్నవాడు. అడక్కుండానే ఒక ఊరు ఊరంతా ఒప్పుకోవడం ఆయనెన్నడూ ఎరగడు.

"మరి శిక్ష?" అని రాయప్పను అడిగారు గొంతు తగ్గించి.

"క్షమించేస్తారు సార్."

"అందరినీనా? అది ఎవరి నిర్ణయం?"

రాయప్ప వేలు పైకి చూపించాడు. పై అధికారి పేరెత్తితే అనంతపద్మనాభం గారు ఎదురు ప్రశ్న వేసిన చరిత్ర లేదు. తల వంచుకుని రాసుకున్నారు.

ఫాదర్ గారు అప్పం పంచే సత్ప్రసాదం వేళ జనం ఒక్కొక్కరే చేతులు శుభ్రం చేసుకుని, దూరం పాటిస్తూ ముందుకు కదిలారు. "సాక్షులకు దారి బత్తెం కాబోలు," అన్నారు అధికారి. రాయప్ప సరిదిద్దబోయి ఆగాడు. ఆలోచిస్తే ఆ మాటలో తప్పు కనపడలేదు, అది పరలోకం దారికి బత్తెమే. తను ఇదివరకే ప్రభుత్వ బత్తెం తీసుకుంటున్నందున ఇక్కడ మరొకటి తీసుకోవడం నిబంధనలకు విరుద్ధమని చెప్పి ఆయన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

అది ముగిశాక ఫాదర్ గారు కన్నికనూ మరియదాసునూ ముందుకు పిలిచారు. నిజానికి పెళ్లి పూజ మధ్యలో జరగాలి. కానీ మూడో కేకకు జనమంతా కుదురుకోవాలని ఆయన చివరికి పెట్టుకున్నారు. కన్నిక తెల్లచీర కట్టుకుని, తెల్లమాస్కు పెట్టుకుంది. మాస్కు అంచుకు లూర్దమ్మ కూర్చుని జరీ కుట్టింది.

"వీరిద్దరి వివాహానికి అభ్యంతరం తెలిసినవారు ఇప్పుడే చెప్పాలి," అని ఫాదర్ గారు మూడో కేక వేశారు.

"అభ్యంతరాల స్వీకరణ!" అనంతపద్మనాభం గారు పరవశించిపోయారు. "పద్ధతంటే ఇది."

"ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే వచ్చారా?"

"వచ్చాం," అన్నారిద్దరూ.

"ఒత్తిడి లేకుండా వాంగ్మూలం," అని కలం పరుగెత్తింది.

అంతా సాఫీగా పోయేదే. కానీ మరియదాసు చేతులకు శుద్ధిద్రవం మరీ ఎక్కువ పూసుకున్నాడు. కన్నిక వేలికి తొడగబోతే ఉంగరం సబ్బుముక్కలా జారింది. టింగుమని నేల మీద పడి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి సరిగ్గా అధికారి గారి గుండ్రంలో ఆగింది.

ఆయన వంగి దాన్ని జేబురుమాలుతో తీశారు. "వస్తు సాక్ష్యం," అన్నారు గంభీరంగా. "విచారణ స్థలంలో లభ్యమైనది. సీలు వేసి కార్యాలయానికి తరలించవలెను."

రాయప్ప ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. కూతురి పెళ్లి ఇంకొక్క వేలి దూరంలో ఉంది, ఆ వేలికి పోవాల్సింది కాస్తా జేబురుమాల్లో మూట అవుతోంది. లూర్దమ్మ గుండ్రం దాటేసింది. "అయ్యా, నీ కాళ్లకు దణ్ణం పెడతా. ఆ ఉంగరం పట్నం పోతే నా బిడ్డ పెళ్లి కాదు. రేపు పిల్లోడు బోర్డరుకు పోతాడు."

"నిబంధన అమ్మా. నేనేం చేయగలను? విచారణాధికారి లిఖితపూర్వకంగానో మౌఖికంగానో ఆదేశిస్తే తప్ప..."

"ఆదేశిస్తున్నాను," అన్నారు ఫాదర్ గారు బలిపీఠం దగ్గర్నించి. "వస్తు సాక్ష్యాన్ని ఈ అమ్మాయి వేలికి భద్రపరచండి. జీవితాంతం."

"కస్టడీ ఎవరిది?"

"నాది సార్," అన్నాడు మరియదాసు, జవాను కనుక అటెన్షన్‌లో నిలబడి.

అనంతపద్మనాభం గారు సంతృప్తిగా తలాడించి ఉంగరం అందించారు. ఈసారి మరియదాసు చెయ్యి తుడుచుకుని తొడిగాడు. లూర్దమ్మ ఏడుస్తూనే పాట ఎత్తుకుంది, శ్రుతి తప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. రాయప్ప నవ్వాడు, ఏడ్చాడు, మాస్కు తడిసి ఊపిరాడక బయటికి పోయి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి ఫాదర్ గారు చివరి ఆశీర్వాదం ఇస్తున్నారు. అధికారి కొత్త పేజీ తిప్పి కలం పట్టుకుని ఎదురు చూస్తున్నారు. అప్పుడు రాయప్పకు ఒక సంగతి తట్టింది. ఆశీర్వాదం అయ్యాక ఫాదర్ గారు ఏమంటారు? ప్రతి ఆదివారం అనేదే అంటారు. పూజ ముగిసిందంటారు. ముగిసిందన్న మాట ఆ కలం చెవిన పడిందా, విచారణ ముగిసినట్లే. ముగిసిన విచారణకు జనం కూడదు. తాళం మళ్లీ పడుతుంది. ఆరాధన దస్త్రం మొదటి నుంచి మొదలవుతుంది. తన కూతురి పెళ్లి అయిపోయింది, నిజమే. కానీ పొద్దున గంట విని గుమ్మాల్లో నిలబడి కళ్లొత్తుకున్నవాళ్లందరూ వచ్చే వారం మళ్లీ ఆవకాయ జాడీల ముందు మోకరించాలి.

ఫాదర్ గారు నోరు తెరిచారు. రాయప్ప ఒక్క గంతులో గంట తాడు అందుకున్నాడు.

గంట మోతలో ఫాదర్ గారు ఏమన్నారో దేవుడొక్కడికే వినపడింది. "ఏమిటి? ఏమన్నారు?" అని అధికారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచారు.

"విచారణ వచ్చే ఆదివారానికి వాయిదా సార్!" అని రాయప్ప తన గొంతు మీద తనకున్న గర్వమంతా పెట్టి కేక వేశాడు. ఆ ఊళ్లో అది నాలుగో కేక.

వాయిదా! ఆ మాట వినగానే అనంతపద్మనాభం గారి ముఖం విప్పారింది. సర్వీసంతా ఆయనకు అన్నం పెట్టిన మాట అది. సొంతింటికి చేరినంత నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాసి, కింద సంతకం చేశారు.

సోమవారం మరియదాసు బోర్డరుకు వెళ్లాడు. వస్తు సాక్ష్యం ఇక్కడ భద్రంగా ఉందని కన్నిక రోజూ ఫోన్లో చూపిస్తోంది.

మరుసటి ఆదివారం రాయప్ప గుడి తాళం తీసేసరికి మెట్ల మీద అనంతపద్మనాభం గారు కూర్చుని ఉన్నారు. ఈసారి మాస్కు ఒకటే, అద్దం లేదు. విచారణలో ఇంతవరకు ఏం తేలిందని పైవాళ్లు అడిగారట. జవాబు రాసుకొచ్చారు. గ్రాంథికం సరిగా ఉందో లేదో చూడమని రాయప్పకు ఇచ్చారు.

తప్పు అందరిదీ అని తేలినది, క్షమాపణ మంజూరైనది, విచారణ కొనసాగుచున్నది, అని ఉంది అందులో.

రాయప్ప రెండుసార్లు చదివాడు. "దిద్దడానికేం లేదు సార్," అన్నాడు.

"మొదట ఆ పాటే కదా?" అన్నారు అనంతపద్మనాభం గారు లేచి, చేతులు శుభ్రం చేసుకుంటూ. "ఆ వాంగ్మూలం రెండో చరణం పోయినసారి నాకు సరిగా అందలేదు. కాస్త నెమ్మదిగా ఎత్తుకోమనండి మీ ఆవిణ్ని."

ఆ మాట లూర్దమ్మకు చెప్పే ధైర్యం లేక రాయప్ప గంట కొట్టడానికి పోయాడు.